పాటకి ముందు ఊపిరి

మా ఇంట్లో దయ్యాలకి భయపడే పని మా అమ్మ ఒక్కతే చూసుకునేది. నాది మోటార్లు, బేరింగులు చూసుకునే పని. నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు ఉద్యోగం. యంత్రంలోంచి కొత్త చప్పుడేదైనా వస్తే దాని వెనక అరిగిన బేరింగో, వదులైన బోల్టో ఉండి తీరుతుందని నమ్మే మనిషిని. దయ్యం కథలు చెప్పేవాళ్లని చూస్తే నాకు నవ్వొచ్చేది. ఇది చదివి ఇప్పుడు నన్ను చూసి ఎవరైనా నవ్వినా నేనేమీ అనుకోను.

ఒంటరిగా ఉంటాను. పెళ్లి కుదరలేదు, కుదరలేదని బాధపడటం కూడా మానేశాను. డ్యూటీ దిగి గదికొస్తే పలకరించే మనిషి ఉండడు. పక్క గదుల్లో ఉండేదంతా ఉత్తరాది కుర్రాళ్లు, వాళ్ల లోకం వాళ్లది. పొద్దు పోక నాకో పిచ్చి పట్టుకుంది.

చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడుకున్న వీడియో గేముల సంగీతం తీసుకుంటాను. కంప్యూటర్లో దాన్ని నెమ్మది చేసి, శ్రుతి బాగా కిందికి దించి, గరగరలాడేట్టు చేసి, దాని అడుగున మా ఫ్యాక్టరీ చప్పుళ్లు పరుస్తాను. ప్రెస్సు దెబ్బే తాళం. కన్వేయర్ రొదే తంబూరా. పిల్లలు గెంతుతూ విన్న పాట కాస్తా, ఖాళీ గోడౌన్లో ఎవరో కాళ్లీడుస్తూ నడిచినట్టు తయారవుతుంది. ఇంటర్నెట్లో పెడితే ముక్కూమొహం తెలియనివాళ్లు కొద్దిమంది వింటారు. మా వదిన ఒకసారి విని, "ఇదేం పాటబ్బా, పీనుగు ముందర వాయించేట్టుండాది" అంది.

మా అన్న కరోనా రెండో విడతలో పోయాడు. ఊపిరాడటం లేదని తిరుపతికి తీసుకెళ్లాం. ఆ మనిషి మళ్లీ ఇంటికి రాలేదు. అప్పటికి వాళ్ల పాప ఇంకా పాల బుగ్గల పిల్ల. వదిన కార్వేటినగరంలో అంగన్‌వాడీ టీచరు, పాప ఇప్పుడు మూడో తరగతి. సెలవు దొరికితే చాలు, తిరుపతి మీదుగా బస్సులు మారి వాళ్ల దగ్గరికి వెళ్తుంటాను.

ఒకసారి వెళ్లినప్పుడు పాప ఉన్నట్టుండి, "మా నాయన గొంతు ఎట్లుండేది చిన్నాయనా?" అని అడిగింది.

చూపించడానికి ఫొటోలు బోలెడున్నాయి. గొంతే లేదు. అన్న ఫోను ఆ గందరగోళంలో యాడ పోయిందో పోయింది. నాకు పంపిన వాయిస్ మెసేజీలు నేను ఫోను మార్చినప్పుడు కొట్టుకుపోయాయి. పెళ్లి వీడియోలో అన్న నోరు కదులుతూనే ఉంటుంది కానీ, ఆ వీడియో చేసినాయన మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు పెట్టేశాడు. మా వైపు పెళ్లి వీడియోలన్నీ అంతే. ఉత్త మాటలు ఎవరు వింటారు, పాటలుంటే బాగుంటుందని అప్పుడు మేమే చెప్పి మరీ పెట్టించుకున్నాం.

"కొంచెం బొంగురు గొంతులే" అన్నాను. పాప సరేనని తలూపింది. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ప్రెస్సు చప్పుడు, కంప్రెసర్ చప్పుడు, ఆఖరికి తుప్పు పట్టిన గేటు చప్పుడు కూడా దాచుకున్నాను. తోడబుట్టినవాడి మాట ఒక్కటి దాచలేదు. ఆ బిడ్డకి తండ్రి గొంతు వినిపించే దారి ఇక లేదు కదా అని కుమిలిపోయాను.

ఆ తర్వాత వదిన అటక సర్దుతూ మా పాత వీడియో గేము పెట్టె, నాలుగైదు కేసెట్లు నాకిచ్చింది. ప్లాస్టిక్ డబ్బాల్లాంటి ఆ గేములని మేం కేసెట్లనే అనేవాళ్లం. "ఈడుంటే ఎలకలు కొడతాయి, నువ్వన్నా ఉంచుకో" అంది. పాప పుట్టినప్పటి నుంచీ ఆ మూట ఎవరూ విప్పలేదు.

మేం పుత్తూరులో ఉన్న రోజుల్లో ఆ పెట్టెకి మా అన్నే గురువు. కేసెట్టు పెడితే ఒక్కోసారి తెర మీద చుక్కలు తప్ప ఏమీ వచ్చేవి కావు. అప్పుడు దాన్ని బయటికి తీసి, అడుగున ఊది, మళ్లీ పెట్టాలి. అందరం ఊదేవాళ్లం, అన్న ఊదితేనే ఆట వచ్చేది. రెండుసార్లు పొట్టిగా ఊది, ఆ తర్వాత మొక్కజొన్న కంకి కొరికినట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కసారి పొడుగ్గా ఊదేవాడు. సైకిలు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు ముందు పన్ను కూడా కాస్త విరిగింది. చేతికి పుత్తూరు కట్టు కట్టించారు, పంటికి కట్టు కట్టేవాళ్లు లేరు కదా. ఆ సందులోంచి ఊదేటప్పుడు సన్నగా ఈల వచ్చేది. వీధి పిల్లలు తమ కేసెట్లు కూడా తెచ్చి, మంత్రం వేయించుకున్నట్టు అన్న చేత ఊదించుకుని పోయేవాళ్లు. అలా ఊదితే నోటి తడి తగిలి లోపల తుప్పు పడుతుందని, అసలు ఊదనే కూడదని నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఆ పెట్టె ముందు కూచున్నాను. కేసెట్టుని స్పిరిట్ దూదితో తుడిచి పెట్టాను, ఊదలేదు. పెట్టె నుంచి ల్యాప్‌టాప్‌కి నేరుగా వైరు. ల్యాప్‌టాప్ మైకు పాడై చాలా కాలమైంది. అంటే పెట్టెలోంచి వచ్చే శబ్దం తప్ప గదిలో శబ్దం రికార్డయ్యే వీలు లేదు. పాట పూర్తయ్యాక రికార్డింగు ఆపి, హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను.

మొదట సన్నటి గుయ్యిమనే శబ్దం, అది ఎప్పుడూ ఉండేదే. తర్వాత రెండు పొట్టి ఊపిర్లు. ఒక పొడుగు ఊపిరి, ఈలతో సహా. కాస్త విరామం. అప్పుడు పాట మొదలైంది.

ఒళ్లు జలదరించిందని రాస్తే అబద్ధం. ముందు నాకు కోపం వచ్చింది. ఏ వైరు వదులైందోనని వెతికాను. వైర్లు మార్చి మళ్లీ రికార్డు చేశాను. ఈసారి గుయ్యిమనడం, వెంటనే పాట, అంతే. ఎన్నిసార్లు చేసినా అంతే. ఊపిరి ఆ మొదటి దాంట్లోనే ఉంది.

మా ఫ్యాక్టరీలో నాకంటే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, నగరి వైపు మనిషి. ఏమీ చెప్పకుండా ఆయనకి వినిపించాను. "కంప్రెసర్ లీకప్పా, యాడో గాలి పోతాండాది" అన్నాడు. ఇందులో ఫ్యాక్టరీ చప్పుడేదీ ఇంకా కలపలేదని చెప్పాను. మళ్లీ విన్నాడు. హెడ్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టి, "మనిషి మాదిరి ఉండాది. ఇంక నాకు ఇనిపించొద్దు" అని వెళ్లిపోయాడు.

నేను మాత్రం రోజూ విన్నాను. దాని తర్వాత ప్రెస్సు దెబ్బలూ గరగరలూ పేర్చి నా పద్ధతిలో పాట తయారు చేశాను గానీ, మొదట్లో ఉన్న ఆ ఊపిరిని ముట్టుకోలేదు. భయం వేయలేదా అంటే, ఆ గదిలో నాతోపాటు ఇంకొకరు ఊపిరి తీస్తున్నారంటే నాకు హాయిగానే ఉండేది.

పాపకి వినిపించాలా వద్దా అని చాలా రోజులు తన్నుకులాడాను. లేనిపోని ఆశ పెట్టినట్టవుతుందేమోనని భయం. చివరికి ఒక ఆదివారం కార్వేటినగరంలో వాళ్ల అరుగు మీద కూచుని, "నేను చేసిన కొత్త పాట, విను" అని హెడ్‌ఫోన్ ఇచ్చాను. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. వదినకి కూడా అప్పటికి చెప్పలేదు. ఆమె పక్కనే చేట ముందు పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

పాప కాసేపు విని, పాట నడుస్తుండగానే హెడ్‌ఫోన్ తీసేసింది.

"నాయన ఏందో చెప్పబోయినాడు చిన్నాయనా. పాట అడ్డమొచ్చేసింది."

వదిన చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. మీ నాయనని ఎట్లా తెలిసిందమ్మా అని అడిగాను. "నాయనే" అంది పాప, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఇన్నేళ్లలో ఒక్కసారీ గుర్తు రాలేదు. ఊదడం అయ్యాక, కేసెట్టు లోపలికి నొక్కి, బటను వేసేముందు అన్న మావైపు తిరిగి "సూడిప్పుడు" అనేవాడు. ప్రతిసారీ అనేవాడు. ఊపిరికీ పాటకీ మధ్య ఉన్న ఆ కాస్త విరామం ఆ మాట పట్టేంత ఉంది. పాపకి అదే చెప్పాను. వదిన చేట అక్కడే వదిలి లోపలికి వెళ్లిపోయింది.

పాప ఆలోచించి, "అయితే పాట తీసెయ్. చెప్పనీ" అంది.

తీసేశాను. ఇప్పుడు ఊపిరి తర్వాత గుయ్యిమనే శబ్దం ఒక్కటే ఉంటుంది. ఆ ఊపిరి ఆ వైరులోకి ఎలా వచ్చిందో నాకు తెలీదు. అది తండ్రిదని ఆ పిల్లకి ఎవరు చెప్పారో అసలే తెలీదు. వెళ్లినప్పుడల్లా పాప హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్లు మూసుకుని, చివరి దాకా కదలకుండా కూచుంటుంది. తర్వాత తీసి నాకిచ్చి, "ఇంకా చెప్పలేదు" అంటుంది.