మామ కాలి వాపు, చిలకపచ్చ రవిక గుడ్డ

మా మామకు కోయిలకుంట్లలో బట్టల అంగడి ఉండేది. రెండు వేల పదిహేనో పదహారో, ఆ ప్రాంతంలో ఒక ఉదయం ఆయన కుడికాలి బొటనవేలు వంకాయలా ఉబ్బింది. దుప్పటి అంచు తగిలినా అరిచేవాడు. నేనప్పుడు కర్నూలులో పత్రికాఫీసులో పనిచేస్తున్నాను. అక్కడే ఒక కీళ్ల డాక్టరుకు చూపించాను. గౌట్ అన్నాడాయన. ఒంట్లో యూరిక్ ఆమ్లం ఎక్కువై కీలులో చేరిందని మాత్రలు రాశాడు.

మాంసం, మందు దండిగా పుచ్చుకునేవాళ్లకు వచ్చే జబ్బని దానికి ఊళ్లో పేరు. మామ వాళ్లది శనివారం ఉల్లిపాయ కూడా ముట్టని ఇల్లు. పక్క అంగట్లో మిషను కుట్టే సాయిబు ఊరుకుంటాడా.

"ఏం సెట్టీ, మాకు తెల్వకుండా యాడ తింటాండావు పొట్టేలు తలకాయ? ఒక మాట చెప్తే మేమూ వస్తుంటిమి గదా."

"నువ్వు కుట్టిన చొక్కా తొడుక్కుంటే వచ్చిందిలేప్పా," అన్నాడు మామ.

నిజానికి మామ భయం వేలి గురించి కాదు, తల గురించి. రాయచోటిలో ఆయన అన్నగారిదీ బట్టల వ్యాపారమే. చివరి రోజుల్లో మతిమరుపు జబ్బు ముదిరి, కాఫీ తెచ్చిన సొంత భార్యను "కూచోమ్మా, యా ఊరు మీది? పట్టు చూపియ్యల్నా, నూలా?" అని అడిగి, మంచం మీది దుప్పట్లన్నీ విప్పి పరిచేవాడు. ఆమె కూర్చొని, ఒక దుప్పటి ఎంచుకొని, లోపలికి పోయి ఏడ్చేది. మామ అది కళ్లారా చూసి వచ్చాడు. తనకూ అదే గతి పడుతుందేమోనని అప్పటినుంచీ ఆయనకు ఒకటే దిగులు.

మాత్రలతో వాపు తగ్గుతున్న సమయంలో ఏదో పత్రిక ఆరోగ్య పేజీలో చిన్న ముక్క వచ్చింది. యూరిక్ ఆమ్లానికి మెదడును కాపాడే గుణం ఉండవచ్చనీ, గౌట్ ఉన్నవాళ్లకు మతిమరుపు ముప్పు కొంత తక్కువ కావచ్చనీ దాని సారాంశం. అటువంటి ముక్కలు నేనూ చాలా దిద్దాను. ఆ 'కావచ్చు'ను మేము జాగ్రత్తగా రాస్తాం, చదివేవాళ్లు అంతే జాగ్రత్తగా దాటేస్తారు. మామ కూడా దాటేశాడు.

కొద్దిరోజులకే అత్త ఫోను చేసింది. "నాయనా, మీ మామ మాత్రలన్నీ కరేపాకు చెట్టు మొదట్లో ఏస్తాండాడు. నొప్పి ఉంటే మతి ఉంటాదంట. నువ్వు పేపరోనివి గదా, అది రాసినోడు యాడుండాడో చూసి వాని కాలు ఇరగ్గొట్టి రాపో."

డాక్టరునడిగితే నవ్వాడు. కాపాడుతుందని కొందరు, కీడు చేస్తుందని కొందరు అంటున్నారు, ఇంకా తేలలేదన్నాడు. ఇలాగే వదిలేస్తే కీళ్లు పాడవుతాయని మాత్రం ఎప్పుడో తేలిపోయిందట. ఆ మాట చెప్పడానికి ఆదివారం కోయిలకుంట్లకు వెళ్లాను. మామ వసారాలో, దిండు మీద వాచిన వేలిని ఉత్సవ విగ్రహంలా నిలబెట్టుకొని కూర్చున్నాడు. నొప్పి ఎక్కువైనప్పుడల్లా ఆయన ముఖంలో తృప్తి కనబడుతోంది.

"తేలలేదన్నాడు గదా అల్లుడూ. కాదనలేదు గదా."

"అవుననీ అనలేదు మామా."

"కాలు పోతే కట్టె పట్టుకొని తిరుగుతా. తల పోతే ఏం పట్టుకొని తిరగల్ల?"

నేను పక్కనున్న పేపరు చేతిలోకి తీసుకున్నాను.

అంతలో మందుల అంగడాయన భార్య, కొత్తింట్లో చేరుతున్నామని పిలవడానికి వచ్చింది. అత్తకు బొట్టు పెట్టి, తాంబూలంతో పాటు చిలకపచ్చ రవిక గుడ్డ ఇచ్చింది. మా వైపు ఇలా పెట్టే గుడ్డల్లో కుట్టించుకునేవి తక్కువ. మిగతావి కొన్నాళ్లు బీరువాలో ఉండి, ఇంకొకరి తాంబూలంలో చేరి, ఊరంతా తిరుగుతాయి. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనరు. అమ్మినవాడు కాబట్టి అందరికంటే ఎక్కువ తెలిసింది మామకే. అంచు తడిమి చూస్తే అది ఎవరు కొన్నదో, ఏ ఇళ్లు తిరిగిందో చెప్పగలడు. అయినా ఇన్నేళ్లలో ఒక్కసారీ నోరు జారలేదు.

ఆమె కూర్చోబోతుంటే చేతిలోని సంచి మామ వేలికి తగిలింది. ఆయన పళ్లు బిగించి, అత్త చేతిలోని గుడ్డ అందుకొని తడిమాడు.

"ఇది మేము మీ కోడలి సీమంతానికి పెట్టిందే గదమ్మా. అంతకుముందు మాకు వకీలు వాళ్లింటి నుంచి వచ్చినాది. శానా తిరిగి అలిసిపోయింటాది, ఈసారన్నా ఎవురో ఒకరు కుట్టిచ్చుకోండి."

ఆమె కాఫీ సగంలోనే వదిలేసి వెళ్లిపోయింది. నేను నవ్వు ఆపుకోలేక పేపరు అడ్డం పెట్టుకున్నాను. అత్త నవ్వలేదు. తలుపు వేసి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"మీ అన్నకు మొదలు పోయింది జ్ఞాపకం కాదు. ఎవురి ముందర ఏం మాట్లాడల్లో అది పోయింది. రాయచోటక్క చెప్పింది నాకు."

మామ ముఖం పాలిపోయింది. "సంచి తగిలి, నొప్పికి అట్లంటిలేమే."

"నొప్పికే అయితే మాత్ర మింగండి. నొప్పి పొయినాంక కూడా ఇట్లనే మాట్లాడ్తే, అప్పుడు చూస్తాం అది ఏం జబ్బో."

సాయం చేయమన్నట్టు మామ నా వైపు చూశాడు. నేను పేపరు దించలేదు. ఆయన చేయి చాచి అత్త చేతిలోని మాత్ర తీసుకున్నాడు.

శ్రావణమాసం వచ్చేసరికి వేలు చెప్పులో దూరింది. ఒక శుక్రవారం నేనక్కడ ఉండగా, నూనె మిల్లు వాళ్ల పెద్దావిడ తాంబూలం తెచ్చింది. అందులోని నేరేడు రంగు రవిక గుడ్డను అత్త కావాలనే మామ చేతికిచ్చింది. ఆయన అంచు తడిమాడు. వేళ్లు ఒకచోట ఆగిపోయాయి. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మంచి రంగమ్మా. శానా బాగుండాది," అన్నాడు మామ.

పెద్దావిడ సంతోషంగా వెళ్లింది. అత్త తలుపు దగ్గరగా వేసి, ఆయన పక్కన చాప మీద కూర్చుంది.

"ఇప్పుడు చెప్పండి, యాడిదది?"

మామ గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. గుడ్డ నాలుగో ఇంటికి చేరేసరికి అత్త నవ్వలేక గోడకు ఆనుకుంది. కళ్లు తుడుచుకుంటూ, "మెల్లగప్పా, ఆ ఇంట్లో ఎవురు పెట్టినారు, మళ్లీ చెప్పండి," అంది.