ఒక్కసారి ఆ గీత చూసి చెప్పండి

ఆటోనగర్‌లో కార్లు బాగుచేసే శౌరయ్యకి లోకంలో అందరి కళ్ళ మీదా నమ్మకమే, ఒక్క తన కళ్ళ మీద తప్ప.

ఇంజన్‌లో టైమింగ్ బెల్టు అని ఒకటుంటుంది. పళ్ళున్న రబ్బరు పట్టీ. కింద చక్రాన్నీ పైన చక్రాన్నీ కలిపి తిప్పుతుంది. ఒక్కో చక్రం మీదా ఒక గీత, ఇంజన్ ఒంటి మీద దానికెదురుగా ఇంకో గీత. బెల్టు మార్చినప్పుడు ఇవి ఎదురెదురుగా నిలబడాలి. ఒక పన్ను తప్పితే బండి దగ్గుతుంది. నాలుగు తప్పితే ఇంజనే పోతుంది. అందుకని బెల్టు బిగించాక తాళం జోలికి పోకుండా, పానా పెట్టి ఇంజన్ని చేత్తో రెండు చుట్లు తిప్పి గీతలు మళ్ళీ చూస్తారు. ఏ మెకానికైనా చేసే పనే. శౌరయ్య మాత్రం తాను చూసి ఊరుకోడు. ఇంకొకరికి చూపిస్తాడు.

"నా కళ్ళు ఆనటం లేదండీ. ఒక్కసారి ఆ గీత చూసి చెప్పండి" అని చేతిలో టార్చిలైటు పెడతాడు.

ఎవరైనా సరే. రోడ్డుకి అడ్డంగా కారు పెట్టావని కేకలేస్తూ ఒకసారి ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చాడు. రెండు నిమిషాల్లో ఆయన టోపీ శౌరయ్య చేతిలో ఉంది, తల బానెట్ కింద ఉంది.

"కలిసిందాండీ?"

"కలిసినట్టే ఉందయ్యా."

"ఉన్నట్టా, ఉందా?"

"ఉంది! ఉంది! ఒట్టు, ఉంది!"

ఎన్నికలప్పుడు ఓట్లడగడానికి వచ్చిన అభ్యర్థికి కూడా టార్చి తప్పలేదు. ఆయన ఇంజన్‌కి కూడా అలవాటుగా దణ్ణం పెట్టి, "అన్నీ కలిసే ఉన్నాయి, అందరం కలిసే ఉందాం" అన్నాడు. ఇక పక్కన ఇడ్లీల బండి సీతారావమ్మకి చూసి చూసి ఎంత పట్టుబడిందంటే, చట్నీ గరిటె చేత్తో పట్టుకుని వంగి, "పైగీత రవ్వంత ఎడమకుంది శౌరయ్యా" అని తీర్పు చెప్పి వెళ్ళేది.

అప్పుడు శౌరయ్య నుదురు కొట్టుకునేవాడు. "నా కళ్ళు కాలా! నేనే సరిగ్గా చూసుకోలేదు. జాన్ పాల్, ఇంకోసారి విప్పు నాయనా."

బెల్టు బిగించేది జాన్ పాల్. శౌరయ్య దగ్గర పాతికేళ్ళుగా ఫిట్టరు. మాట తక్కువ. పానాలన్నీ ఒకే వరసలో పెట్టుకుని, అటు తిరక్కుండానే తడిమి తీసుకునేవాడు. ఎంత అలవాటైన చెయ్యి అనుకునేవాణ్ణి.

నేను ఉయ్యూరులో ఫిజిక్స్ లెక్చరర్ని. పేరు శ్రీరామచంద్రమూర్తి. నాలుగు మాటల్లో ఎవరినైనా వెక్కిరించగలనని పిల్లలు నవ్వుతుంటే అదో గొప్పనుకునేవాణ్ణి.

మూడేళ్ళ కిందట, ప్రాక్టికల్స్ పరీక్షలకి వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే కారు తీసుకోవడానికి షెడ్డుకి వచ్చాను. తెల్లచొక్కా. ఆలస్యమైపోతోంది.

"మాస్టారూ, ఒక్కసారి..."

"శౌరయ్యా, టైము లేదు."

"ఒక్క గీతేనండీ."

వంగాను. లేచేసరికి చొక్కా మీద అరచేతంత గ్రీజు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"కళ్ళు కనపడనివాళ్ళకి ఈ పనెందుకయ్యా? షెడ్డు మూసేసుకుని ఇంట్లో కూర్చోరాదూ? గుడ్డి షెడ్డు అని బోర్డన్నా పెట్టు, తెలిసి వస్తారు!"

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. శౌరయ్య కూడా నవ్వాడు. "తప్పైపోయిందండీ" అని గుడ్డ అందించాడు. జాన్ పాల్ మాత్రం నవ్వలేదు. పానా కింద పెట్టి, కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయాడు. అది చూశాను. చూసి కూడా ఏమిటా అని అనుకోలేదు.

ఆ పేరు అంటుకుంది. నేనే పది మందికి చెప్పాను. కాలేజీ స్టాఫ్‌రూములో శౌరయ్యని అనుకరించి చూపించి కాఫీలు కూడా తాగాను. నెల తిరిగేసరికి ఆటోనగర్ అంతా "గుడ్డి షెడ్డు పక్క సందు" అని దారి చెప్పుకునే స్థితికి వచ్చింది.

నేను ఇంకో షెడ్డుకి మారాను. పోయినేడు అక్కడే బెల్టు కొత్తది వేయించాను. గంటలో పని అయిపోయింది, నన్నెవరూ వంగమనలేదు. హాయిగా ఉందనుకున్నాను. మర్నాడే కంకిపాడు దగ్గర కారు దగ్గడం మొదలుపెట్టింది. ఒకరు ఇంజన్ విప్పాలన్నారు, ఒకరు మార్చాలన్నారు. సిగ్గు చంపుకుని పాత షెడ్డుకే పోయాను.

శౌరయ్య లేడు. మోకాలి ఆపరేషనై ఇంట్లో ఉన్నాడట. జాన్ పాల్ ఒక్కడే ఉన్నాడు. ఇంజన్ మీద అరచెయ్యి పెట్టి కాసేపు విన్నాడు.

"బెల్టు ఒక పన్ను తప్పిందండీ. గీతలు ఎవరూ చూసుండరు."

విప్పి, వేలికొసలతో పళ్ళు లెక్కపెట్టుకుంటూ మళ్ళీ బిగించాడు. పానాతో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పాడు. తర్వాత టార్చి నా వైపు చాపాడు.

"ఒక్కసారి చూసి చెప్పండి మాస్టారూ."

"శౌరయ్య జబ్బు నీకూ అంటిందా?" అన్నాను నవ్వుతూ.

"ఆ జబ్బు నాదేనండీ. శౌరయ్యన్న తన పేరున పెట్టుకున్నాడు."

నాకు అర్థం కాలేదు. అతను చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. "షుగరొచ్చి ఆరేళ్ళయిందండీ. సన్నగీతలు కనపడవు. మొదట్లో నేను బిగించాక అన్న వచ్చి చూసుకునేవాడు. 'ఫిట్టరు చేసింది ఓనరు మళ్ళీ చూస్తున్నాడేంటి, ఆ ఫిట్టరుకి కళ్ళు ఆనవా?' అని ఒకాయన అడిగేశాడు. మర్నాటి నుంచీ కళ్ళు ఆననిది అన్నకైపోయింది. తప్పు దొరికితే ఆయనది. నవ్వితే ఆయన్ని."

"ఆ షెడ్డు పేరు పెట్టింది నేనే జాన్ పాల్."

"తెలుసండీ. నేనిక్కడే ఉన్నాగా." టార్చి నా చేతిలో పెట్టి, "ముందు గీత చూడండి" అన్నాడు.

చూశాను. చాలాసేపు చూశాను. తల పైకెత్తడానికి మొహం చెల్లలేదు.

"కలిసిందాండీ?"

"కలిసింది."

తాళం తిప్పితే బండి పిల్లిలా మెత్తగా గుర్రుమంది. శౌరయ్యని చూసొస్తానన్నాను, క్షమాపణ చెప్పుకోవాలన్నాను. జాన్ పాల్ కంగారుపడి నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దండీ! ఇదంతా నా కోసం ఆడే నాటకమని నాకు తెలుసని అన్నకి తెలియదు. తెలిస్తే ఎంత బాధపడతాడో! మామూలుగా పలకరించి వచ్చెయ్యండి."

శౌరయ్య ఇంటి తలుపు తీసింది ఆయన భార్య అమలమ్మ గారు. లోపల మంచం మీద శౌరయ్య, కళ్ళజోడన్నా లేకుండా, పేపర్లో చీమ తలకాయంత అక్షరాల ప్రకటనలు గబగబా చదివేసుకుంటున్నాడు. నన్ను చూడగానే పేపరు అవతల పారేశాడు. కళ్ళు చికిలించి, నా పక్కనున్న బీరువా వైపు చెయ్యెత్తి, "ఎవరూ, మాస్టారేనా?" అన్నాడు.

"నేనే శౌరయ్యా."

మోకాలు ఎలా ఉందంటే బాగుందన్నాడు. కారు ఎలా ఉందంటే బాగుందన్నాను.

"పొద్దుపోవటం లేదండీ. కళ్ళా ఆనవు. ఆ పేపరు కాస్త చదివి పెడతారా?"

కుర్చీ దగ్గరికి లాక్కుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. చెరకు ధరలు చదివాను. బస్సుల వేళలు చదివాను. పెళ్ళికూతురు కావలెను అన్న ప్రకటనలు కూడా చదివాను. గంట గడిచింది, గొంతు బొంగురుపోయింది. ఆపబుద్ధి కాలేదు. నాకు మిగిలిన క్షమాపణ అదొక్కటే.

"ఇబ్రహీంపట్నంలో రేపు తొమ్మిది నుంచి పన్నెండు దాకా కరెంటు ఉండదు..."

"ఒంటిగంట దాకా మాస్టారూ" అన్నాడు శౌరయ్య, మంచం మీద నుంచే.

వంటింట్లో అమలమ్మ గారు నవ్వుని దగ్గులోకి మార్చుకున్నారు. శౌరయ్య గబుక్కున పైకప్పు వైపు చూశాడు.

నేను తలెత్తలేదు. "ఒంటిగంట దాకా" అని దిద్దుకుని, దాని కింది వార్త అందుకున్నాను.