కూరలో దోసెడు బొగ్గులు

మొన్న సిద్దిపేటలో మా వీధి ఇస్త్రీ బండి దగ్గరికి ఎదురింటి కోడలు వచ్చి ఒక బొగ్గు ముక్క అడిగింది. దవాఖానలో ఉన్న వదినకు మటన్ కూర తీసుకుపోతోందట. గ్యాస్ పొయ్యిల ఇళ్లలో బొగ్గు ఎక్కడ దొరుకుతుంది? ఆ వేడి బొగ్గుల వాసనకు నా చిన్నతనం గుర్తొచ్చింది.

అప్పుడు మా అక్కకు నెలలు నిండాయి. అత్తగారిల్లు మా ఊళ్లోనే. మటన్ తినాలని ఉందని కబురు చేస్తే, అవ్వ కూర వండి, గిన్నె మూత మీద ఒక బొగ్గు ముక్క పెట్టి, గుడ్డ కట్టి నా చేతికిచ్చింది.

"బొగ్గుంటే దయ్యం దగ్గరికి రాదు. నడుమల ఆగకు బిడ్డా."

నేను ఆగాను. అంత చిన్న ముక్కకు దయ్యం భయపడుతుందా? మూత తీస్తే లోపల కాపలా ఎవరు? కమ్మరి కొలిమి ముందు చల్లారిన బొగ్గుల కుప్ప కనిపించింది. దోసెడు తీసి కూరలో వేసి, నిశ్చింతగా నడిచాను.

అక్క మూత తీసి, గరిటెతో ఒక బొగ్గును పైకి లేపింది.

"గిదేంది తమ్మీ? అవ్వ బొగ్గుల పులుసు చేసిందా?"

"నేనే ఏసిన అక్కా. గిప్పుడు ఎన్ని దయ్యాలొచ్చినా నీకేం గాదు."

అక్క కడుపు పట్టుకుని నవ్వింది. నా మొహం చిన్నబోవడం చూసి, మటన్ ముక్కలు ఏరి, కడిగి, ఉప్పూకారం చల్లుకుని అన్నంలో కలుపుకుంది.

"కూర మస్తుగుందని చెప్పు అవ్వకు."

ఆ కూర కోసం ఆమె ఎంత ఆశపడిందో నాకు చాలా ఏళ్లకు గాని తట్టలేదు. పంటి కింద బొగ్గు పలుకు కరకరలాడినప్పుడల్లా నా వైపు చూసి, బాగుందన్నట్టు తలూపి, ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుంది.