మా నాన్నకు శ్రేయోభిలాషి రాసిన ఉత్తరం

పద్నాలుగేళ్ల వయసులో నేను ఒక ఉత్తరం పుట్టించాను. అది ఊరంతా తిరిగి, నా పరువును వెంటబెట్టుకుని, నేరుగా హెడ్మాస్టరు గారి బల్ల మీద వాలింది. ఎలా వాలిందో చెబుతాను. మీరు నవ్వుకోండి, అభ్యంతరం లేదు. జాలి మాత్రం పడకండి. అందులో నా తప్పు సగమేనని ఇప్పటికీ నా వాదన.

అరవైల మొదట్లో మాట. నూజివీడుకు మూడు మైళ్ల దూరంలో మాకు మామిడితోట ఉండేది. పిల్లల పెంపకం గురించి మా నాన్నకు ఒకటే సిద్ధాంతం: మెచ్చుకుంటే చెడిపోతారు. పండిందో లేదో అని పదేపదే నొక్కి చూసిన కాయ పాడైపోయినట్టు, మెచ్చుకున్న పిల్ల పాడైపోతుందని ఆయన నమ్మకం. ఆ లెక్కన నన్ను మహా భద్రంగా పెంచారు. పుట్టిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా నొక్కి చూడలేదు.

పక్కవీధిలో నా స్నేహితురాలు సుగుణ ఉండేది. వాళ్ల నాన్నగారు మా ఊరి మిషన్ స్కూల్లో మాస్టారు. ఆయన పద్ధతే వేరు. సుగుణకు ముప్ఫై అయిదు మార్కులొస్తే "పాసయ్యావు కదమ్మా, కష్టపడ్డావు" అని తల నిమిరేవారు. అన్నం మాడ్చి పెడితే "మాడు కూడా రుచిగానే ఉందమ్మా" అంటూ తినేవారు. నేను వాళ్ల గుమ్మంలో నిలబడి, పిలవని పెళ్లికి వెళ్లి వంటల వాసన చూస్తున్నదానిలా ఆ మాటలు వినేదాన్ని.

ఆ జూన్‌లో బళ్లు తెరిచారు. తోటలో చివరి కోత నడుస్తోంది. బెజవాడ నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన నన్ను చూసి, "అమ్మాయి ఏం చదువుతోందండీ?" అని అడిగాడు.

"తొమ్మిదో క్లాసండి. చదువుతోందని మనం అనుకోవడమే. ఈ ఏటితో మానిపించేద్దామనుకుంటున్నా," అన్నారు నాన్న.

గడ్డిలో కాయలు సర్దుతున్న ఆడవాళ్లంతా తలలెత్తి నన్ను చూశారు. నా ఒళ్లు కాగిన నూనెలో పడ్డ ఆవగింజలా చిటపటలాడింది.

మర్నాడు బళ్లో అన్నాల బెల్లు కొట్టగానే సుగుణను ఒక మూలకు లాక్కెళ్లాను.

"నన్ను ఎవరూ మెచ్చుకోకపోతే నేనే మెచ్చుకుంటాను. ఉత్తరం నువ్వు రాయి. నా రాత మా నాన్నకు తెలుసు."

"అబద్ధాలు రాయను," అంది సుగుణ.

"అబద్ధాలెందుకు? క్లాసులో అందరికంటే ముందు ఉంటుందని రాయి."

"నీ ర్యాంకు ముప్ఫై ఒకటి."

"కూర్చునేది మొదటి బెంచీ కాదా?"

సుగుణ రాసింది.

"ఈ అమ్మాయి అడిగే ప్రశ్నలకు మాస్టర్లు కూడా జవాబు చెప్పలేకపోతున్నారు. ఇది రాయి."

"ఏం అడిగావు?"

"చచ్చిపోయిన రాజుల పుట్టినరోజులు మనకెందుకని అడిగాను కదా. సోషలు మాస్టారు జవాబు చెప్పారా?"

"చెప్పలేదు. నిన్ను బెంచీ ఎక్కమన్నారు."

"జవాబు చెప్పలేదు కదా. రాయి."

ఇక లెక్కలు. ‘లెక్కల్లో ఈమె సాధించినది మా బడిలో ఇంతవరకు ఎవరూ సాధించలేదు’ అని చెప్పాను. ఆ వారమే పెట్టిన పరీక్షలో నాకు నూటికి నాలుగు వచ్చాయి. ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి మార్కు వేయలేదని లెక్కల మాస్టారు క్లాసందరి ముందూ చెప్పారు కాబట్టి సుగుణ కాదనలేకపోయింది.

సంతకం దగ్గరకొచ్చేసరికి పెన్ను కింద పెట్టేసింది. "హెడ్మాస్టరు గారి పేరు రాయను. పాపం." ఎంత బతిమాలినా వినలేదు. చివరికి ‘ఇట్లు, మీ అమ్మాయి శ్రేయోభిలాషి’ అని రాయడానికి ఒప్పుకుంది. పైన ‘హైస్కూలు, నూజివీడు’ అని రాసింది. మేం కూర్చున్నది అక్కడే కాబట్టి అది కూడా నిజమే.

పోస్టు చేసిన మూడో రోజున ఉత్తరం ఇంటికి వచ్చింది. నాన్న అరుగు మీద కూర్చుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివారు. మళ్లీ మొదటి నుంచి చదివారు. నేను తలుపు చాటున నిలబడి చూస్తున్నాను. ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, "ఆ దూడకి నీళ్లు పెట్టావా?" అన్నారు. అంతే. ఇంత సాహిత్యమూ దూడ తాగే కుడితిలో కలిసిపోయిందనుకున్నాను.

తెల్లారేసరికి నాన్న ఉతికిన పంచె కట్టుకుని, కండువా వేసుకుని, బుట్టలో గడ్డి పరిచి మంచి మంచి రసాలు ఏరి పెడుతున్నారు.

"ఎక్కడికి నాన్నా?"

"మీ హెడ్మాస్టరు గారి దగ్గరికి. నడు."

దారి పొడుగునా కడుపునొప్పి అన్నాను, కాలునొప్పి అన్నాను, చివరికి ఇవాళ బడికి సెలవన్నాను. ఆయన వింటే కదా. ఎదురొచ్చిన ప్రతివాళ్లనూ ఆపి ఉత్తరం చూపిస్తున్నారు. "మా అమ్మాయి గురించి బడివాళ్లు రాశారండి." ఆయన గొంతులో ‘మా అమ్మాయి’ అన్న మాట అలా పలకడం నేను అంతకుముందు వినలేదు. సంతోషించాలో పారిపోవాలో తెలియక చెప్పులు ఈడ్చుకుంటూ నడిచాను.

హెడ్మాస్టరు గారు ఉత్తరం చదివి, "ఇది నేను రాయలేదే," అన్నారు.

"మీరు కాకపోతే ఇంకెవరండీ? దీనికి ఇంకో శ్రేయోభిలాషి ఎక్కడున్నాడు?" అన్నారు నాన్న.

హెడ్మాస్టరు గారు కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. "ఎవరమ్మా?"

సుగుణను ఇరికించడం నా వల్ల కాలేదు. "నేనే సార్. నా శ్రేయోభిలాషిని నేనే."

"నీ గురించి నువ్వే అబద్ధాలు రాసుకున్నావా?"

అప్పుడు తలదించుకుని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ నాకు పౌరుషం తన్నుకొచ్చింది. "ఒక్క అబద్ధం ఉంటే చూపించండి సార్."

ఆయన వరసగా అడిగారు, నేను వరసగా చెప్పాను. బెంచీ నిజమే, రాజులూ నిజమే. లెక్కల దగ్గర ఆయన మార్కుల పుస్తకం తెప్పించారు. "నాలుగు," అన్నారు.

"నూటికా అండీ?" అన్నారు నాన్న.

"నూటికే."

"ఇదివరకు ఎవరికీ రాలేదా?"

"రాలేదు."

"అయితే అదీ నిజమే రాసింది," అని నాన్న నావైపు తిరిగారు. "ఎందుకు రాశావే?"

"తోటలో అందరి ముందూ నన్ను తీసిపారేశావు, చదువు మానిపిస్తానన్నావు. తప్పు చేస్తే తిట్టు, పడతాను. ఊరికే బతికున్నందుకు కూడా తిడితే ఎట్లా? ఒక్క మంచి మాటైనా అంటావేమో చూద్దామని రాశాను." నేను ఏడవలేదు. ఆ గదిలో ఏడవకపోవడం నేను గెలిచిన మొదటి యుద్ధం.

హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకుని, బుట్టను మెల్లిగా తన వైపు లాక్కుంటూ, "పిల్ల గట్టిదేనండి. చదువు మాత్రం మానిపించకండి," అన్నారు.

"మానిపించనండి," అంటూ నాన్న లేచి, ఆయన చేతి కింద నుంచి బుట్ట తీసి నా నెత్తిన పెట్టారు. "ఏమీ అనుకోకండి. మా అమ్మాయిని మెచ్చుకున్నవాళ్లకి ఇద్దామని తెచ్చాను. మెచ్చుకుంది ఇదే కదండీ."

ఇప్పుడు అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. నన్ను నేను మెచ్చుకోవలసి వస్తే ఇంకెప్పుడూ ఇంకొకరి చేత రాయించను. నా చేత్తోనే రాసుకుంటాను, కింద నా పేరే పెట్టుకుంటాను. ఇంటికి మాత్రం పోస్టు చేయను.