సామాను వ్యాన్‌లో అమ్మకొక మూల: గోడాదరా నుంచి డుమస్ దాకా

మేము కార్గో వ్యాన్‌ను క్యాంపర్‌గా మార్చింది కొండలు చూడటానికి కాదు. భివండీలో ఉన్న మా చిన్నమ్మ దగ్గరికి అమ్మను తీసుకెళ్లడానికి. 2021లో, కరోనా రెండో విడతలో, చిన్నమ్మ భర్త పోయారు. మా వాళ్లలో భర్త పోయిన స్త్రీకి పదో రోజున పుట్టింటివాళ్లు చీర పెట్టాలి. అమ్మకూ చిన్నమ్మకూ తల్లిదండ్రులు లేరు, అన్నదమ్ములు లేరు. కాబట్టి చిన్నమ్మకు పుట్టిల్లంటే మా అమ్మ ఒక్కతే. ఆ రోజుల్లో వెళ్లే వీలు లేకపోయింది. పార్సిల్ చేస్తానంటే చిన్నమ్మ ఒప్పుకోలేదు. "పంపకక్కా. నువ్వు తెస్తెనే కట్టుకుంట" అంది ఫోన్‌లో.

దారులు తెరిచాక కూడా అమ్మ కదలలేదు. అంతకుముందు ఏడాది, మొదటి లాక్‌డౌన్‌లో, ఆమె సొంతూరు సిరిసిల్ల నుంచి సూరత్ గోడాదరాలోని మా ఇంటికి లారీలో వచ్చింది. దారిలో ఆడవాళ్లకు మరుగు దొరకలేదు. నీళ్లు తాగకుండా, ఆపుకుంటూ వచ్చింది. ఇల్లు చేరాక ఇన్ఫెక్షన్ ముదిరి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. అప్పటి నుంచి ప్రయాణం అంటే ఆమెకు అదే. భివండీ మాకు దాదాపు రెండువందల యాభై కిలోమీటర్లు, అయిదారు గంటల దారి. హోటళ్ల దగ్గర మరుగుదొడ్లు ఉంటాయని చెప్పినా, "అవి నేను చూసినయే" అనేది.

వ్యాన్ మా నాన్న తమ్ముడిది. రాజేశం కాక మగ్గాల మెకానిక్. హజీరాలో ఒక కాంట్రాక్టరు పని ముగించుకుని బళ్లు అమ్ముతుంటే, చీరల మూటలు వేయడానికని ఈ పాత ఫోర్ వీల్ డ్రైవ్ వ్యాన్ కొన్నాడు. బట్టల మార్కెట్ చల్లబడి అది భేస్తాన్‌లో ఒక షెడ్డులో ఖాళీగా పడివుంది. నేను కాగితం మీద కొలతలు గీశాను, కాక కోశాడు, బిగించాడు. నేల మీద ప్లైవుడ్ పరిచి, గోడలకు ఫోమ్ షీట్ అంటించాం. ఒక పక్క పొడవాటి బల్ల, రాత్రికి అదే మంచం. రెండో పక్క నీళ్ల క్యాను, చిన్న స్టవ్, వాటి పక్కన నేను పట్టుబట్టి పెట్టించుకున్న పుస్తకాల అర. వెనక మూలన ఆన్‌లైన్‌లో తెప్పించిన పోర్టబుల్ టాయిలెట్, చుట్టూ తెర. వ్యాన్ ధర కాకుండా మాకు యాభై అయిదు వేల దాకా అయింది. మీరు చేయదలిస్తే ముందు మీ ఆర్‌టీఓ ఆఫీసులో ఏది అనుమతిస్తారో కనుక్కోండి. తెర బట్ట కోసం మాత్రం దుకాణానికి వెళ్లలేదు. మగ్గాలున్న ఇంట్లో బట్ట కొనడమేమిటని కాక ఒక జార్జెట్ తాను తెచ్చాడు.

ఒక ఆదివారం అమ్మ ఒప్పందం చెప్పింది. "డుమస్ దాక అస్త. నాకు నచ్చకపోతె భివండీ మాట మల్ల ఎత్తద్దు."

మధ్యాహ్నం రెండింటికి గోడాదరా నుంచి బయలుదేరాం. నాన్న మగ్గాల దగ్గరే ఉండిపోయాడు. ఉధనా దాటి మగ్దల్లా రోడ్డెక్కితే డుమస్‌కు గంట పట్టదు. ముందు సీట్లో కాక, అమ్మ. వెనక బల్ల మీద నేను. బల్ల మీద పరుపు గట్టిగా ఉందని అమ్మ ఇంటి నుంచి పాత చీరల బొంత తెచ్చి పరిచింది. గుంతల్లో స్టవ్ చప్పుడు చేసింది. దానికి రబ్బరు ముక్కలు వేయాలి.

"జర నీళ్లు తాగు వదినె. నోరెండిపోతది" అన్నాడు కాక, విమానాశ్రయం దాటుతుండగా.

"దిగినంక తాగుత."

"బండిల్నే ఇల్లుంటే దిగుడేంది?"

"ఇల్లంట. మూటలేసే డబ్బా."

కాక అద్దంలోంచి నన్ను చూశాడు. నేను కాన్వెంట్‌లో చదివినందుకు ఆయన నన్ను సిస్టరమ్మా అని పిలుస్తాడు. "సిస్టరమ్మా, నువ్వన్న చెప్పు. ఇంగ్లీషుల చెప్తె ఇంటదేమో."

నేను మాస్కు పైకి లాక్కున్నాను. మాస్కు వల్ల ఆ ఏడాదంతా నాకు మాట్లాడకపోవడం తేలికైంది.

డుమస్‌లో జనం పెద్దగా లేరు. ఇసుకలోకి దింపుతానని కాక అంటే అమ్మ వద్దంది. బజ్జీల బండ్లకు కొంచెం అవతల, సరుగుడు చెట్ల వెనక్కి ఒక మట్టిదారి ఉంది. వాన నీళ్లు ఇంకా ఆరలేదు. రెండు చక్రాలు జారగానే కాక ఫోర్ వీల్ లీవరు వేశాడు, వ్యాన్ నెమ్మదిగా బురద దాటింది. మాకు కావలసింది ఇలాంటి చోటే. హైవే దిగి, ఎవరూ రాని చోటికి పోగలగాలి.

టమాటా భజియా అమ్మే ఒక పెద్దావిడ వెనకే నడిచి వచ్చింది. లోపలికి తొంగిచూసి, "ఆ ఘర్‌ను భాడు కేట్లు?" అని అడిగింది. ఈ ఇంటికి అద్దె ఎంతని.

"మా వదినెనడుగు, మాసీ. ఇంటి మాలకిన్ ఆమెనే" అన్నాడు కాక, తెలుగులోనే. ఆవిడకు అర్థమైనట్టే ఉంది. భజియా ప్లేటు ముప్పై రూపాయలని చెప్పి వెళ్లిపోయింది.

నాలుగింటికి అమ్మ వెనక మూలకు వెళ్లి తెర లాగింది. వెనక కిటికీ సముద్రం వైపు ఉంది. పడమటి ఎండ నేరుగా లోపలికి పడుతోంది. బల్ల మీద కూర్చున్న నాకు తెర మీద ఆమె ఆకారం మొత్తం కనిపించింది, జడముడి దాకా. నేను చెప్పేలోపే ఆమె బయటికి వచ్చింది.

"ఇది తెరనా, అద్దమా?"

"ఏమైంది?" అన్నాడు కాక బయటి నుంచి.

"నువ్వు పోయి నిలవడు. తెలుస్తది."

కాక తెర వెనక నిలబడ్డాడు. "కనవడుతున్ననా?"

"చెవుల ఏలు పెట్టుకున్నది గూడ కనవడ్తుంది" అంది అమ్మ. "పొద్దందాక బట్టల నడుమనే ఉంటరు, తెరకు ఏ బట్టనో తెల్వకపాయె. కింద చెయ్యి వెట్టి చూస్తె ఏళ్లు కనవడ్తయని గొప్పలు చెప్పి అమ్ముతరు గద."

ఇక వెనక్కి వెళ్లడమే అనుకున్నాను. ఒప్పందం ఒప్పందమే. ఈ కొలతలు గీసింది నేను, తెరను ఒక్కసారి కూడా ఎండలో చూసుకోలేదు.

అమ్మ బల్ల మీది బొంత తీసింది. రెండు మడతలు చేసి, తెర తాడు మీద వేసింది. చెయ్యి అవతల పెట్టి ఊపి నన్ను అడిగింది, "కనవడ్తుందా?"

"లేదు."

"రాజేశం, నువ్వు ఆ భజియాల కాడికి పో. పిలిచేదాక రాకు."

కాక వెళ్లాడు. నేను ముందు సీట్లోకి మారి, రోడ్డు వైపు తిరిగి పుస్తకం తెరిచాను. ఒకే పేజీ చూస్తూ కూర్చున్నాను. కొంతసేపటికి నీళ్లు పోసిన చప్పుడు, తరువాత చేతులు కడుక్కున్న చప్పుడు. అమ్మ వచ్చి సీసా తీసుకుని మొత్తం తాగింది.

"ఇంకోటుందా?"

ఇచ్చాను. అది కూడా సగం తాగి, బల్ల మీద కూర్చుని ఎదుటి పక్కను చాలాసేపు చూసింది. తరువాత జేనలతో కొలవడం మొదలుపెట్టింది.

"గీ పుస్తకాల అర తీసెయ్యిండ్రి."

"ఎందుకమ్మా?"

"అది తీసి, స్టవ్వు జర ముందుకు జరిపితె ఒక మనిషి పంటది."

"మనం ముగ్గురమే కదా. కాక ముందు సీట్లో పడుకుంటానన్నాడు."

"పోయేటప్పుడు ముగ్గురం" అంది అమ్మ. "అచ్చేటప్పుడు నలుగురం."

చిన్నమ్మకు పిల్లల్లేరు. భర్త పోయాక మరిది ఇంట్లో ఒక మూలన ఉంటోంది. ఇది అందరికీ తెలిసిన సంగతే. ఆమెను తీసుకొచ్చేయాలన్న మాట మాత్రం మా ఇంట్లో అంతవరకు ఎవరూ అనలేదు.

భజియా పొట్లాలతో వచ్చిన కాక విని, పొట్లాలు బల్ల మీద పెట్టాడు. "అస్తదో రాదో, ఆమెను అడగవా వదినె?"

"ఇప్పుడు రమ్మని ఆమె అడిగిందా? అడగకుంటనే పోతున్న గద" అంది అమ్మ. తరువాత నా వైపు తిరిగి, "బల్ల పొడుగ్గ కొయ్యిండ్రి. మీ చిన్నమ్మ నీకంటె బెత్తెడు ఎక్కువుంటది" అంది.

అర నాలుగు బోల్టుల మీద ఉంది. వాటిని నేనే విప్పాను. పుస్తకాలు బల్ల కింద ఒక అట్టపెట్టెలో సర్దాను, అన్నీ పట్టలేదు. రెండు ఒళ్లో పెట్టుకుని ఇంటికి వచ్చాను. చీకటి పడకముందే గోడాదరా చేరాం.

వచ్చే శనివారం పలసాణా దగ్గర హైవే ఎక్కి భివండీ వెళ్తున్నాం. తెరకు మందపాటి బట్ట మార్కెట్‌లో కొన్నాం, కాక బేరమాడకుండా డబ్బిచ్చాడు. ఈ వ్యాన్ గురించి నేను చాలా లెక్కలు వేశాను, ఎత్తు, బరువు, నీళ్లు ఎన్ని లీటర్లు అని. అమ్మకు ఒక మరుగు దొరికితే చాలని నా లెక్క. అది దొరికాక ఆమె ఇంకొక మనిషికి చోటు వెతికింది. నా కొలతల్లో ఆ మనిషి లేదు. మరిది ఇంట్లో ఏమంటారో, చిన్నమ్మ బండెక్కుతుందో లేదో నాకు తెలియదు. నాలుగో మనిషికి బల్ల మాత్రం తయారైంది.

ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లకు ఒక్క సలహా. లోపల ఏదీ వెల్డింగ్ చేయించకండి, జిగురుతో అతికించకండి. అన్నీ నట్టు బోల్టులతోనే బిగించి, మొదటి ప్రయాణానికి పానా దగ్గర పెట్టుకోండి. ఆ బండి ఎవరి కోసమో అందులో కూర్చున్నాక గానీ తెలియదు.