కొండ కింద దిగమన్నందుకు

మా ఆయన మోపెడ్ కొన్న కొత్తలో వెనక సీటు మీద నన్ను చూసి ఊరంతా ముచ్చటపడింది. ఆ ముచ్చట మొదటి వంతెన దాకానే. వంతెన ఎత్తు మొదలవగానే బండి మూలగడం, ఆయన కాళ్ళు కిందకి ఆన్చడం, మెడ కాస్త పక్కకి తిప్పి "దిగు" అనడం. నేను దిగేదాన్ని. ఆయన బండి మీద దర్జాగా వంతెనెక్కి అవతల నిలబడి వెనక్కి చూసేవారు. నేను చీర కుచ్చెళ్ళు పట్టుకుని గబగబా నడిచి వెళ్ళి మళ్ళీ ఎక్కేదాన్ని.

మాది పిఠాపురం దగ్గర పల్లె. చేలూ కాలవలూ తప్ప ఎత్తన్నది కంటికి ఆనదు. ఉన్న ఎత్తల్లా ఆ వంతెనలే. దేవుడు మమ్మల్ని చదునుగా పుట్టిస్తే మా ఆయన నా ఒక్కదానికీ ప్రతి కాలవ దగ్గరా ఓ కొండ చూపించారు.

పోనీ బండి నిజంగా లాగలేక అనుకుందామా? అదే వంతెన మీంచి, అదే బండి మీద, ఎరువుల కొట్టు నుంచి యూరియా బస్తా వేసుకుని జామ్మని వచ్చేవారు. నా కళ్ళతో చూశాను. ఓసారి ఉండబట్టలేక అడిగేశాను.

"ఏవండీ, బస్తా వేసుకుంటే ఎక్కే బండి, నేను కూర్చుంటే ఎందుకెక్కదు?"

"బస్తా నడవలేదు కదే. నువ్వు నడుస్తావు."

"పోనీ నేను బస్తా కంటే బరువా?"

"అది నువ్వే చెప్పాలి," అని నవ్వారు. బస్తాకి ఉన్నపాటి మర్యాద కట్టుకున్న పెళ్ళానికి లేదన్నమాట. అయినా ఊరుకున్నాను. మా పెళ్ళయిన కొత్తలో వాళ్ళమ్మ నాకు చెప్పిన మొదటి నీతి అదే: మగాడి మాటకి ఎదురు మాట వద్దమ్మా అని.

ఊరుకున్నందుకు తగిన శాస్తే జరిగింది. తొంభైల నడిమి మాట. కార్తీకమాసంలో అన్నవరంలో వ్రతం చేయించుకోవాలని బయల్దేరాం. మా ఆడపడుచు, వాళ్ళాయన స్కూటరు మీద, మేం మా మోపెడ్ మీద. కొండ ఎక్కే రోడ్డులో రెండు మలుపులు దాటామో లేదో, బండి మూలిగింది.

"దిగు."

"కొండంతానా?" అన్నాను.

"ఎంతుందేంటి! నెమ్మదిగా వచ్చెయ్. నేను వెళ్ళి టిక్కెట్టు తీసుకుంటా."

కొబ్బరికాయలూ అరటిపళ్ళూ ఉన్న సంచి నా ఒళ్ళో ఉండేది కదా, అదీ నాతోపాటే దిగింది. పట్టుచీర, నెత్తిన ఎండ, చేతిలో సంచి. పక్క నుంచి బస్సులు బస్సులు జనం వెళ్తున్నారు, కిటికీల్లోంచి తొంగి చూస్తున్నారు. అంతలో మా ఆడపడుచు వాళ్ళ స్కూటరు నన్ను దాటింది. ఆవిడ వెనక్కి తిరిగి, చెయ్యూపి, "వదినా, పైన కలుద్దాం!" అంది. పాపం, ఆవిడ తప్పేం లేదు. వాళ్ళాయన ఆవిడని దిగమనలేదు, అంతే.

నేను పైకి చేరేసరికి మా విడత వ్రతం మొదలైపోయింది. ఇక తర్వాత విడతే. మంటపం బయట మా బంధువులూ, ఎవరెవరో ఊళ్ళవాళ్ళూ కూర్చుని ఉన్నారు. అందరి ముందూ మా ఆయన నన్ను చూపిస్తూ, "మా ఆవిడది నత్తనడకండి. ఈవిడ మూలంగానే ఆలస్యమైపోయింది," అన్నారు. అందరూ నవ్వారు. చెమట తుడుచుకుంటున్న నేనూ నవ్వాను. సిగ్గులేనిదాన్ని, నవ్వాను!

చేసిందంతా చేసి, నింద కూడా నా నెత్తినే పెట్టారు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన పక్కన పీట మీద కూర్చుని, చేతిలో అక్షింతలు పట్టుకుని, సత్యదేవుణ్ణి నేను ఆ యేడు వేరే ఏమీ కోరుకోలేదు. "స్వామీ, వచ్చే కార్తీకానికి ఈ కొండ నేను నా సైకిలు మీద ఎక్కాలి. ఒక్కసారి కూడా దిగకుండా ఎక్కాలి. ఈయన చూడాలి." అదీ నా మొక్కు.

నాకు సైకిలు కొత్త కాదు. పక్క ఊరి ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని, రోజూ లేడీస్ సైకిలు మీదే వెళ్ళొచ్చేదాన్ని. కానీ అప్పటికి నలభై అయిదు నిండాయి. చదును రోడ్డు మీద తొక్కే కాళ్ళకి కొండేం తెలుస్తుంది? నేర్పుదామంటే కొండేదీ?

మాకు కొండల్లేకపోతేనేం, వంతెనలున్నాయి. నన్ను దింపిన వంతెనలే. స్కూలు వదిలాక కాలవ వంతెన ఎక్కడం, అవతల దిగడం, తిరిగి ఎక్కడం. మొదటి వారం మూడోసారికే ఊపిరి అందేది కాదు. గేదెలు మేపుకునే పెద్దాయన ఒకాయన నన్ను రోజూ చూసి చూసి, ఆఖరికి ఆగి అడిగాడు.

"టీచరుగారూ, ఏవైనా పడేసుకున్నారాండీ?"

"అవునండీ. పరువు పడేసుకున్నాను, వెతుక్కుంటున్నాను," అన్నాను. ఆయనకేం అర్థమైందో, "దొరుకుద్ది లెండి," అని గేదెల్ని అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు.

వేసవిలో మాకు పడమటి గాలి వీస్తుంది. ఆ గాలికి ఎదురు తొక్కడమంటే మా వైపు ఎంత మొగాడైనా సైకిలు దిగి తోసుకుంటాడు. నేను పని కట్టుకుని గాలికెదురెళ్ళేదాన్ని. కళ్ళలో దుమ్ము, చెవుల్లో హోరు, పళ్ళు బిగించుకుని తొక్కడం. అది సరిపోదనిపించి, ఇంట్లో ఖాళీ యూరియా సంచి తీసి, సగానికి పైగా ఇసక పోసి, మూతి కట్టి, క్యారియర్ మీద వేశాను. బస్తా ఎంత బరువో నాకూ తెలియాలిగా!

"ఇసకెందుకే?" అన్నారు మా ఆయన.

"పిల్లల చేత అక్షరాలు దిద్దించడానికండీ."

మళ్ళీ అడగలేదు. నా సైకిలు మీద ఏముందో, నా బుర్రలో ఏముందో ఆయనకి ఎప్పుడూ పట్టలేదు. అదీ ఒకందుకు మంచిదే అయింది. ఆదివారాలు అన్నవరం దారిలో కత్తిపూడి దాకా తొక్కి వచ్చేదాన్ని. ఇంట్లో మాత్రం కుక్కుటేశ్వరుడి గుడికని చెప్పేదాన్ని. నేను చెప్పిన మాటే నిజమైతే ఆ యేడు ఆ స్వామికి నా అంత భక్తురాలు జిల్లాలో మరొకరు లేరు. సాయంత్రాలు మోకాళ్ళకి ఆముదం రాసుకుంటుంటే, "వయసు మీద పడుతోంది," అని ఆయన జాలిపడేవారు. పడనీ అనుకున్నాను.

ఇంకో సంగతి కూడా చేశాను. కళ్ళంలో ఆయన గడ్డివాము నీడన కునుకు తీసేవేళ, మోపెడ్ తీసి, కళ్ళం చుట్టూ తిప్పడం నేర్చుకున్నాను. ఎందుకంటే చెప్పలేను. చేతికందిన ఆయుధమేదీ వదలకూడదనిపించింది.

కార్తీకం దగ్గరపడ్డాక సైకిలు షాపులో ఇచ్చాను. చైనుకి నూనె, చక్రాలకి గ్రీజు, కొత్త టైర్లు, అన్నీ వేయించాను. "బ్రేకు రబ్బర్లు అరిగిపోయాయండీ, మార్చమంటారా?" అన్నాడు షాపాయన. "బ్రేకులతో నాకేం పనండీ, కాలానిస్తే ఆగుద్ది," అన్నాను. మా వైపు ఎవరిని అడిగినా అదే మాట అంటారు. బ్రేకులు ఎప్పుడు అవసరమయ్యాయి గనక మాకు?

బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఆడపడుచూ వాళ్ళాయనా వచ్చారు. అందరూ కాఫీ తాగుతుండగా చెప్పాను. "రేపు నేను సైకిలు మీద వస్తాను."

మా ఆయనకి కాఫీ పొలమారింది. "అన్నవరమా! సైకిలు మీదా! కొండ కింద దిగి తోసుకుంటావు. నేను పైనుంచి చూస్తుంటా."

"దిగితే, ఇకమీదట ప్రతి వంతెన దగ్గరా మీరు చెప్పక్కర్లేకుండానే దిగిపోతాను. దిగకుండా ఎక్కితే, ఆ మాట మీరు జన్మలో నాతో అనకూడదు."

"ఏ మాట?" అన్నారు. చూడండి, ఆయనకి గుర్తు కూడా లేదు! నాకు ఒళ్ళు మండిపోయింది. "దిగు అన్న మాట," అన్నాను. ఆడపడుచు పకపకా నవ్వి, "సరే వదినా, నేనే సాక్షి," అంది.

తెల్లారకుండా బయల్దేరాను. మంచు పట్టిన చేలు, రోడ్డంతా నాదే. కత్తిపూడి దాటి హైవే ఎక్కాక లారీల గాలికి సైకిలు ఊగింది గానీ కాళ్ళు మాత్రం మాట విన్నాయి. కొండ కిందకి చేరేసరికి ఎండ పొడిచింది. మంచినీళ్ళు తాగి, కుచ్చెళ్ళు పైకి దోపి, రోడ్డెక్కాను.

మా కాలవ వంతెన పది తొక్కుల్లో అయిపోతుంది. కొండ అవదు. మలుపు తిరిగితే ఇంకో ఎత్తు, అది అయితే ఇంకో మలుపు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. సీటు మీద కూర్చుని లాభం లేక, నిలబడి తొక్కడం మొదలుపెట్టాను. అదీ చాలక, ఈ పక్క నుంచి ఆ పక్కకి అడ్డంగా పాములా తొక్కుకుంటూ పోయాను. బస్సులో ఆడవాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, "అదిగో చూడండర్రా!" అని అరిచారు. తిట్టారో మెచ్చుకున్నారో నాకు తెలియలేదు.

నన్ను ఆ ముందేడు దింపిన చోటే, సరిగ్గా అక్కడే, కాళ్ళు మొరాయించాయి. సైకిలు నిలిచిపోయేలా ఉంది. అప్పుడే వెనక నుంచి మోపెడ్ చప్పుడు. మా ఆయన, ఒక్కరే, ముందు కొబ్బరికాయల సంచి పెట్టుకుని, నా పక్కకి వచ్చారు. నా మొహం చూసి భయపడ్డట్టున్నారు.

"దిగు! దిగవే! గుండాగి చస్తావు!"

ఆ మాట వినకపోతే దిగేదాన్నేమో. ఒట్టు. విన్నాక మాత్రం ఎక్కడ దాక్కుందో నా సత్తువంతా కాళ్ళలోకి వచ్చింది. నోరు తెరిస్తే ఊపిరి పోతుందని జవాబు చెప్పలేదు. ఆయన ముందుకెళ్ళిపోయారు. ఆ యూరియా బస్తానీ, ఆ నత్తనడకనీ, ఆ నవ్వుల్నీ ఒక్కొక్కటే పెడలు కింద పెట్టి తొక్కాను.

పైన ఆయన బండికి ఆనుకుని నిలబడి ఉన్నారు. నేను సైకిలు మీదే ఆయన ముందు దాకా వెళ్ళి, ఆగి, అప్పుడు దిగాను. స్కూటరు మీద ముందే చేరిన ఆడపడుచు పరిగెత్తుకుంటూ వచ్చి నా చేతిలో నీళ్ళచెంబు పెట్టింది. వ్రతంలో పీట మీద కూర్చుంటే తొడలు వణుకుతూనే ఉన్నాయి. పూజారిగారు చలేస్తోందా అమ్మా అని అడిగారు.

దిగేటప్పుడు తెలిసింది నా తెలివి. సైకిలెక్కి రెండు గజాలు జారానో లేదో, అది నా మాట వినడం మానేసింది. బ్రేకు నొక్కితే పట్టదు, కాలు ఆనిస్తే చెప్పు అరిగిపోతోంది. గట్టుకి గుద్ది ఎలాగో ఆపాను. ఏడాది పొడుగునా ఎక్కడం గురించే ఆలోచించాను. ఎక్కినవాళ్ళు దిగాలని మా చదును నేలవాళ్ళకి ఎవరు చెప్తారు?

మా ఆయనకి మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. "చెప్తే విన్నావా? ఇప్పుడేం చేస్తావు?"

"మీరు సైకిలు నడిపించుకు రండి. నేను బండి తెస్తాను."

"నీకు బండొచ్చా?"

తాళం ఆయన జేబులోంచి నేనే తీసుకుని, స్టార్ట్ చేసి, మెల్లగా మలుపు తిరిగి వెళ్ళిపోయాను. వెనక్కి చూడలేదు. చూడాలని మాత్రం చచ్చేంత అనిపించింది.

కింద, ముందే దిగిపోయిన ఆడపడుచూ వాళ్ళాయనా టీ తాగుతున్నారు. వాళ్ళతోపాటు నేనూ తాగాను. మరో టీ కూడా తాగాను. చాలాసేపటికి మా ఆయన వచ్చారు. జారిపోతున్న సైకిల్ని వెనక్కి లాగి పట్టుకోవడంలో చొక్కా అంతా తడిసి, అరచేతులు ఎర్రబడి, రొప్పుతూ. టీకొట్టు దగ్గర పదిమంది ఉన్నారు.

"మా ఆయనది నత్తనడకండి," అన్నాను అందరికీ వినపడేలా. "ఈయన మూలంగానే ఆలస్యమైపోయింది."

జనం నవ్వారు. ఆడపడుచు నవ్వలేదు, నాకేసి చూసి తల వంచుకుంది. ఆవిడకి గుర్తుంది. మా ఆయనకీ అప్పుడు గుర్తొచ్చింది. మొహం చూస్తే తెలిసింది. తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా టీ తాగారు. నాకు జాలి వేసిందా అంటే, వెయ్యలేదు. ఇంటికి నా సైకిలు మీదే వచ్చాను.

వారం తిరక్కుండా పిఠాపురంలో పెళ్ళికి ఇద్దరం మోపెడ్ మీద బయల్దేరాం. కాలవ వంతెన వచ్చింది. బండి మూలిగింది. ఆయన కాళ్ళు కిందకి ఆన్చారు, మెడ పక్కకి తిప్పారు, నోరు తెరిచారు. "ది" దాకా వచ్చి ఆ మాట ఆగిపోయింది. అవతల గేదెల పెద్దాయన నిలబడి చూస్తున్నాడు.

మా ఆయన తనే దిగారు. హ్యాండిలు పట్టుకుని, బండి పక్కన నడుస్తూ, పంచె ఎగ్గట్టి తోయడం మొదలుపెట్టారు. వెనక సీటు మీద నేను యూరియా బస్తాలా కదలకుండా కూర్చున్నాను.