తొమ్మిది చేపలు

సంగారెడ్డి బజారులో కిరాణా దుకాణం నడిపే ముకుందం సేటు గల్లా పక్కనే గాజు తొట్టెలో బంగారు చేపలను పెంచేవాడు. ఎవరైనా అద్దం మీద వేలితో కొడితే తూకం మధ్యలో వదిలేసి వాళ్ల మీదికి పోయేవాడు. “కోమటింట్ల చేపలేంది సేటూ?” అని నవ్వినవాళ్లకు సామానే అమ్మేవాడు కాదు. డెబ్బై నాలుగు వానాకాలంలో హైదరాబాదులో చేపలమ్మేవాడి దగ్గర ఒక కొత్త చేపను కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. వారానికే చేపలన్నిటికీ ఒంటి నిండా తెల్లమచ్చలు లేచాయి. నీళ్లు మార్చాడు, ఉప్పు కలిపాడు. అయినా తొమ్మిదీ చచ్చి పైకి తేలాయి.

“రోగపు చేపను అంటగట్టిండు దొంగ! ఇప్పుడే పోయి వాని మొఖాన కొడ్త,” అని అరుస్తూ వాటిని కాగితంలో పొట్లం కట్టాడు. భార్య సావిత్రమ్మ గడపలో అడ్డంగా నిలబడింది. “అమ్మినాయన కొత్తదాన్ని పది రోజులు వేరే గిన్నెల ఉంచుమన్నడని మీరే చెప్పినరు గదా. అదే పూట తొట్టెల ఏసిందెవరు?” ముకుందం మొహం కందగడ్డలా ఎర్రబడింది. పొట్లం చేతిలో నలిగి తడి కారింది. “నేనే ఏసిన! ఒక్కదాన్నే గిన్నెల ఉంచనీకి పానం ఒప్పలే!” అని బజారంతా వినబడేలా అరిచాడు.